నూటెనిమిది గిన్నెలు, రెండు జతల చెప్పులు

ముప్పై మూడేళ్ళు బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ డబ్బు లెక్కపెట్టాను. రిటైరయ్యాక మొదటిసారి సొంత డబ్బు లెక్కపెట్టుకుంటుంటే మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "తెనాలిలో ఈ వీధి మొత్తానికి విదేశం చూడని ఇల్లు మనదొక్కటే" అంది. కాదనలేకపోయాను. ఎదురింటాయన మనవడి బారసాలకని డాలస్ వెళ్ళి ఆరు నెలలుండి వచ్చాడు. పక్కింటివాళ్ళు దుబాయ్ వెళ్ళి ఎడారిలో తిప్పలు పడిన ఫొటోలు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు.

బ్యాంకాక్ అనుకున్నాం. దగ్గర, ఖర్చు తక్కువ. అత్తగారిని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి వెళ్ళలేం కాబట్టి ముగ్గురం.

మా బావమరిది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. వాడికి టూర్ ప్యాకేజీ మాటెత్తితే ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. "బావగారూ, టిక్కెట్లు నేను బుక్ చేస్తాను, హోటల్ నేను చూస్తాను. ఫోన్లో మ్యాప్ ఉంటే చాలు. సగం డబ్బుతో అయిపోతుంది" అన్నాడు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాడు: "గుడి బయట టుక్‌టుక్ వాడు 'ఇవాళ మూసేశారు, ఇరవై బాట్లకి ఊరంతా తిప్పుతాను' అంటే మాత్రం ఎక్కకండి. తిన్నగా నగల షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెడతాడు."

మా ఆవిడ మ్యాప్ మాట వినగానే నా వైపు చూసింది. గుంటూరులో పెళ్ళికని బయల్దేరి మ్యాప్ చూసుకుంటూ వేరే పెళ్ళిలో భోంచేసి వచ్చిన చరిత్ర నాది. ప్యాకేజీయే ఖాయమైంది.

నాలుగు రాత్రులు, ఐదు పగళ్ళు, మనిషికి 46 వేలు. ముగ్గురికీ 1,38,000. దాని మీద జీఎస్టీ 5 శాతం. ఆ మొత్తం మీద టీసీఎస్ అని మళ్ళీ 5 శాతం. ఇది ఇన్‌కమ్‌టాక్స్‌లో సర్దుకోవచ్చన్నారు. వెరసి 1,52,145 రూపాయలు. కాగితంలో మనకి ఇచ్చేవాటి జాబితా పెద్దది. అందులో 'వీసా సహాయం ఉచితం' అని ఒకటి. థాయిలాండ్ మనవాళ్ళకి 2023 నవంబరులోనే వీసా అక్కర్లేదంది, మేం వెళ్ళింది 2024 డిసెంబరులో. లేని వీసాకి ఉచితంగా సాయం చేస్తారన్నమాట! 'సిమ్ కార్డు: కుటుంబానికి ఒకటి' అని ఇంకోటి. ఆ ఒక్కటీ మా ఆవిడ ఫోన్లోకి వెళ్ళింది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

సువర్ణభూమి విమానాశ్రయంలో తెల్లవారుజామున దిగాం. పేరు చూసి మా అత్తగారు ముచ్చటపడ్డారు. బయట ఒకాయన 'మిస్టర్ తెనాలి' అని బోర్డు పట్టుకుని నిలబడ్డాడు. మేమేనని ఒప్పుకుని బస్సెక్కాం. మా బృందం 32 మంది. అందరికీ తలా ఒక పసుపుపచ్చ టోపీ. గైడమ్మ థాయ్ మనిషి. వచ్చిన హిందీ మొత్తం రెండు మాటల్లో సర్దేసుకుంది: "చలో చలో" ఒకటి, "జల్దీ జల్దీ" ఒకటి. ఒక కర్రకి దూదిబొమ్మ ఏనుగుని కట్టి ఎత్తి పట్టుకునేది. ఐదు రోజులూ మా దేశం, మా ప్రభుత్వం ఆ ఏనుగే.

పట్టాయా గురించి ఎక్కువ చెప్పను. కోరల్ ఐలాండ్‌కని స్పీడ్‌బోటు ఎక్కించి, నడిసముద్రంలో ఒక తెప్పలాంటి దాని మీద దింపారు. గొడుగు కట్టుకుని గాల్లో ఎగరడం అక్కడ. "ఇది ప్యాకేజీలో లేదు, ఆప్షనల్" అంది గైడమ్మ. డబ్బు కట్టినవాళ్ళు గాల్లో ఎగిరారు. కట్టనివాళ్ళం ఎండలో కూర్చుని వాళ్ళని చూశాం. చూడటం మాత్రం ప్యాకేజీలో ఉంది. మధ్యాహ్నం పనీరు, పప్పు, జీరా రైస్. రాత్రి పప్పు, పనీరు, జీరా రైస్. థాయిలాండ్‌లో ఐదు రోజులుండి థాయ్ వంట ఒక్కటీ నోట పెట్టలేదు. మా అత్తగారు చిన్న షాపులో పెరుగు డబ్బా కొనుక్కుని, అడుగున తేదీ చూసి గాభరాపడ్డారు. 2567 అని ఉంది. అది వాళ్ళ బౌద్ధ శకం, మన లెక్కకి 543 కలపాలి. నేను చెప్పేలోపే ఆవిడ, "ఐదొందల ఏళ్ళు నిలవుండే పెరుగు నాకొద్దు బాబూ" అని పక్కన పెట్టేశారు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మా బావమరిది లెక్క తప్పు కాదు, కానీ అందులో ఒక పద్దు రాసుకోలేదు వాడు. సొంతంగా వెళ్ళి ఉంటే పప్పు బాగాలేనందుకు, బస్సు ఆలస్యమైనందుకు, ఎండ కాసినందుకు కూడా మా ఆవిడ నన్నే అనేది. ఇప్పుడు ఇద్దరం ఒక మాట మీద ఉండి హాయిగా గైడమ్మని తిట్టుకున్నాం. ముప్పై రెండేళ్ళ కాపురంలో మేమిద్దరం ఇంతగా ఏకీభవించింది ఆ మూడు రోజులే. మొగుడూపెళ్ళాలు కలిసి తిట్టుకోవడానికి ఒక మూడో మనిషిని ఇస్తారు చూడండి, ప్యాకేజీలో అసలు ఖరీదైన వస్తువు అదే. జాబితాలో మాత్రం రాయరు.

నాలుగో రోజు బ్యాంకాక్‌లో వాట్ ఫో గుడి.

పడుకున్న బుద్ధుడు. 46 మీటర్ల పొడుగు, 15 మీటర్ల ఎత్తు, ఒళ్ళంతా బంగారు రేకు. తల దగ్గర నిలబడితే పాదాలు కనపడవు. ఆ పాదాలే మనిషికి దాదాపు రెట్టింపు ఎత్తున్నాయి. అరికాళ్ళలో ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. చెప్పులు విప్పి ద్వారం దగ్గర ఇచ్చిన సంచిలో వేసుకుని లోపలికి మోసుకెళ్ళాలి. మా ఇంట్లో మొయ్యడం అనే శాఖ నాది. నా బూట్లు ఒక సంచిలో, మా ఆవిడవీ అత్తగారివీ ఇంకో సంచిలో, రెండూ నా భుజానికే.

"ట్వెంటీ మినిట్స్, జల్దీ జల్దీ" అంది గైడమ్మ. వాళ్ళ రామాయణం గురించి కూడా ఒక మాట చెప్పబోయింది. రామకియెన్ అంటారు. అందులో హనుమంతుడు రావణుడి కూతురైన మత్స్యకన్యని ప్రేమిస్తాడని మొదలుపెట్టగానే మా అత్తగారు రెండు చెవులూ మూసుకుని ముందుకి నడిచారు.

బుద్ధుడి వీపు వెనకాల, గోడ పొడుగునా వరసగా 108 కంచు గిన్నెలున్నాయి. ఇరవై బాట్లు ఇస్తే చిన్న గిన్నెడు చిల్లర ఇస్తారు. గిన్నెకొకటి చొప్పున వేసుకుంటూ పోవాలి. టింగ్, టింగ్, టింగ్. హాలంతా అదే చప్పుడు. అష్టోత్తరం లెక్క, పైగా చిల్లర. ఈ పూజ దేవుడు క్యాషియర్ల కోసమే పెట్టాడనిపించింది.

అందరూ అలాగే పట్టుకెళ్ళి వేసేస్తున్నారు. నేనలా ఎలా వేస్తాను? ముందు లెక్కపెట్టుకోవాలి కదా. ఓ పక్కన గచ్చు మీద కూర్చుని పదేసి చొప్పున దొంతర్లు పేర్చాను. పది దొంతర్లు, పైన ఆరు. రెండు తక్కువ! మళ్ళీ లెక్కపెట్టాను. 106. వెనక్కి వెళ్ళి ఆ చిల్లరిచ్చే అమ్మాయికి వేళ్ళతో వివరించాను. ఆ అమ్మాయి నన్ను కాసేపు జాలిగా చూసి, గుప్పెడు తీసి ఇవ్వబోయింది. "నో, నో. ఓన్లీ టూ" అన్నాను. రెండే తీసుకున్నాను. కౌంటర్లో ఎక్కువొచ్చినా తప్పే, తక్కువొచ్చినా తప్పే. ఇది బ్యాంకు నేర్పిన చదువు.

ఈలోపు మా ఆవిడ, అత్తగారు అటు చివరకి చేరి బయట ఉత్తికాళ్ళతో నిలబడ్డారట. నేను డెబ్బైల్లో ఉండగా "ఏవండీ!" అని ఒక కేక వినిపించింది. ఒకటో గిన్నె నుంచీ ఆ కేక వినపడుతూనే ఉంది కాబట్టి పట్టించుకోలేదు. డెబ్బై ఏడు దగ్గర తలెత్తి చూస్తే ఆ హాల్లో పసుపు టోపీ ఒక్కటీ లేదు. మిగిలిన చిల్లర జేబులో పోసుకుని, బూట్లు తొడుక్కుని బయటికి పరిగెత్తాను. ఏనుగు లేదు. బస్సు కూడా లేదు.

తర్వాత తెలిసిన సంగతేమిటంటే, బస్సుని అక్కడ ఎక్కువసేపు ఆపనివ్వరని గైడమ్మ అందరినీ తరిమి ఎక్కించింది. చెప్పులేవని మా ఆవిడ అడిగే వ్యవధి కూడా ఇవ్వలేదు. తలలు లెక్కపెట్టింది. 32 సరిపోయాయి. ఎందుకంటే సూరత్ నుంచి వచ్చిన ఇంకో బృందానికీ పసుపు టోపీలే. వాళ్ళలో ఒక పెద్దాయన పొరపాటున మా బస్సెక్కి, నేను కూర్చునే ఆఖరి సీట్లో టోపీ ముఖం మీద కప్పుకుని గుర్రు పెట్టాడు. మా ఆవిడ ముందు సీట్లోంచి ఒకసారి వెనక్కి చూసి, "ఉన్నార్లే, పడుకున్నారు" అని వాళ్ళమ్మకి చెప్పిందట. ముప్పై రెండేళ్ళ కాపురం!

నా దగ్గర ఫోనుంది, సిమ్ము లేదు. భుజాన ఆడవాళ్ళ చెప్పుల సంచి, జేబులో హోటల్ కార్డు, 180 బాట్లు, బుద్ధుడికి చెందిన చిల్లర. ఇంతలో ఒక టుక్‌టుక్ వచ్చి ఆగింది. డ్రైవరు నవ్వుముఖం. హోటల్ కార్డు చూపించాను.

"యెస్ యెస్. ట్వెంటీ బాట్" అన్నాడు.

మన లెక్కలో యాభై రూపాయలు. తెనాలి స్టేషన్ నుంచి మా ఇంటికి కూడా అంతకి రారు. ఎక్కి కూర్చున్నాను. బండి సందు తిరిగాక గానీ బావమరిది చెప్పిన ముక్క గుర్తు రాలేదు. "హోటల్! హోటల్!" అని అరిచాను. "యెస్ యెస్, టెన్ మినిట్ వన్ షాప్" అన్నాడు వాడు, అదే నవ్వుతో. ఆ షాపుకి మనిషిని తీసుకెళ్తే వాడికి పెట్రోలు కూపన్ ఇస్తారు. బేరంలో నా పాత్ర కూర్చోవడమే. కానీ నిజం చెప్పొద్దూ, గాలి ముఖానికి కొడుతుంటే, ఎవరో వీధి పక్క మూకుట్లో ఏదో వేయిస్తున్న ఘాటు వాసన తగులుతుంటే, అద్దాల వెనక నుంచి కాకుండా ఆ ఊరిని చూడటం అదే మొదటిసారి. భయపడుతూనే చూశాను.

టుక్‌టుక్ ఒక పెద్ద నగల షాపు ముందు ఆగింది. బయట బస్సులు బారులు తీరి ఉన్నాయి. మూడో బస్సు అద్దంలోంచి ఒక దూదిబొమ్మ ఏనుగు నన్ను చూస్తోంది.

లోపలికి వెళ్ళాను. ఎర్ర మఖమల్ సోఫాలో మా ఆవిడ ఉత్తికాళ్ళతో కూర్చుని, చేతిలో నారింజరసం గ్లాసుతో ఏడవడానికి సిద్ధంగా ఉంది. పక్కన మా అత్తగారు కాళ్ళు పైకి ముడుచుకుని జపం చేసుకుంటున్నారు. ఎదురుగా సూరత్ పెద్దాయన. వెనక సీట్లో చెప్పులడగడానికి వెళ్ళి మా ఆవిడ టోపీ లాగేసిందట. ఎవరు ఎక్కువ కంగారుపడ్డారో ఇప్పటికీ తేలలేదు.

నన్ను చూడగానే లేచి నిలబడింది. ఒక్క క్షణం గుండె కరిగింది.

"చెప్పులేవి?" అంది.

ఇచ్చాను. తొడుక్కున్నాక ఏడ్చింది.

ఇంతలో గుమ్మం దగ్గర గొడవ. గైడమ్మా టుక్‌టుక్ డ్రైవరూ థాయ్‌లో వాదించుకుంటున్నారు, ఇద్దరూ నన్నే చూపిస్తూ. భాష రాకపోయినా విషయం అర్థమైంది. ఈ గిరాకీని షాపుకి తెచ్చింది ఎవరు, కమిషన్ ఎవరికి అన్నది తగువు. వచ్చిన ప్రతివాళ్ళకీ ఏ బృందమో గుర్తుకి షర్టు మీద ఒక స్టిక్కర్ అంటిస్తారు. నాకు చివరికి రెండు అంటించారు.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఎంత తీసుకున్నాడు వాడు?" అంది.

"ఇరవై బాట్లు."

మనసులో గుణించుకుంది. "అంటే, ఈ షాపుకి మేం మనిషికి యాభై వేలు పెట్టుకుని వచ్చాం, మీరు యాభై రూపాయలకి వచ్చారు."

ఈ వాక్యం బావమరిది చెవిన పడకూడదని ఇద్దరం అక్కడే ఒట్టు పెట్టుకున్నాం.

గుడిలో ఇరవై నిమిషాలిచ్చిన గైడమ్మ ఆ షాపులో గంటా నలభై నిమిషాలు ఉంచింది. మేం ఏమీ కొనలేదు అని రాయాలని ఉంది. ఒక చిన్న ఎర్రరాయి లాకెట్ కొన్నాం. చెప్పుల ఆనందంలో.

బస్సులో మా అత్తగారు చెయ్యి చాపారు. "అల్లుడుగారూ, ఆ బుద్ధుడి చిల్లర ఇటివ్వండి, దేవుడి గూట్లో పెడతాను. ఎన్ని మిగిలాయి?"

"డెబ్బై ఏడు వేశానండీ. ముప్పై ఒకటి ఉండాలి."

ఒళ్ళో పోసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టారు. రెండుసార్లు. "ముప్పై మూడున్నాయి" అన్నారు.

ముప్పై మూడేళ్ళ సర్వీసులో నాకు లెక్క తేడా రాలేదు. బుద్ధుడి దగ్గర వచ్చింది. రెండు గిన్నెలు ఖాళీగా దాటేశానన్నమాట. బహుశా ఆ "ఏవండీ" అన్న కేక దగ్గర.

"అయితే పూజ చెల్లనట్టే" అన్నారు అత్తగారు. "మళ్ళీ వెళ్ళి ఒకటో గిన్నె నుంచీ వెయ్యాలి."

"రేపు పొద్దున్న కుదురుతుందేమో అడగండి" అంది మా ఆవిడ, కొత్త లాకెట్ సర్దుకుంటూ.

లేచి గైడమ్మ దగ్గరికి వెళ్ళి సైగలతో అడిగాను. ఆవిడ నా షర్టు మీది రెండు స్టిక్కర్లనీ ఒకసారి చూసి, చిన్న పుస్తకం తీసింది.

"వాట్ ఫో ఎగైన్? యెస్ యెస్, ఆప్షనల్" అంది. "వన్ పర్సన్, వన్ థౌజండ్ బాట్."