‘ఆరో తరగతిలోనే ఫౌండేషన్ లేకుంటే ఐఐటీ లేదు’ అనే మాటకు జవాబు

బడులు తెరిచే ముందు తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది. దాని సారం ఇది: ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో, అంటే ఐఐటీ ప్రవేశ పరీక్షకు చిన్న తరగతుల నుంచే తయారుచేసే కోర్సులో, చేర్చాలి. ఎనిమిది అయ్యేలోపు పదో తరగతి లెక్కలు ముగించాలి. లెక్కల్లో 95 మార్కులు వచ్చే బిడ్డ అందుకు సిద్ధంగా ఉన్నట్టే. అర్థం కాకపోయినా నష్టం లేదు, పై తరగతిలో మళ్లీ వస్తుంది. మామూలు వేగంతో చెబితే తెలివైన పిల్లలు విసిగిపోతారు. ఏర్పేడులో ఐఐటీ కళ్లెదుటే ఉంది కాబట్టి మన దగ్గర ఈ మాటలు ఇంకా తొందరగా నాటుకుంటాయి. ఆ మెసేజ్ చివరి ముక్కలో, విసుగు గురించిన మాటలో, నిజం ఉంది. మిగతావి నిలబడవు.

‘ఆరు నుంచి మొదలుపెట్టకపోతే సీటు రాదు’ అంటున్నారు. ఐఐటీ దారిలో మొదటి పరీక్ష జేఈఈ మెయిన్. దాని లెక్కల సిలబస్ ఒకసారి తీసి చూడండి. ప్రమేయాలు, సంకీర్ణ సంఖ్యలు, మాత్రికలు, ద్విపద సిద్ధాంతం, అవధులు, సమాకలనం, సదిశలు... దాదాపు అంతా ఇంటర్ రెండేళ్లలో చెప్పేదే. ఆరు, ఏడు తరగతుల నుంచి ఆ పరీక్షకు కావలసింది భిన్నాలు, రుణ సంఖ్యలు, నిష్పత్తి, శాతం, సమీకరణం తడబాటు లేకుండా చేతికి రావడం. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు కూడా 16 ఏళ్ల లోపు పిల్లలను చేర్చుకోవద్దని, పదో తరగతి పరీక్ష అయ్యాకే చేర్చుకోవాలని చెప్పాయి. బడి టైంటేబుల్‌లో కలిపేసిన ఫౌండేషన్‌ను కోచింగ్ అని ఎవరూ పిలవరు కాబట్టి ఆ మాట ఇళ్ల దాకా చేరడం లేదు.

‘ఎనిమిదికే పది ముగిస్తే ఇంటర్ సగం అయినట్టే’ అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఎక్కువ చెరుపు చేసేది ఇదే. రెండేళ్ల పాఠాలు ఏడాదిలో నడపాలంటే పీరియడ్లు పెరగవు, పాఠంలోనే ఏదో తగ్గాలి. తగ్గేది ‘ఎందుకు’ అనే భాగం. త్రికోణమితినే తీసుకోండి. లంబకోణ త్రిభుజం చిన్నదైనా పెద్దదైనా, కోణం మారకపోతే భుజాల నిష్పత్తి మారదు. సైన్ అనేదానికి ఆధారం అదే. దానికి ముందు సరూప త్రిభుజాలు కుదురుగా రావాలి. అవి దాటేసి, సైన్ 30 డిగ్రీలు అంటే 1/2 అని పట్టిక బట్టీ పట్టిస్తే పదో తరగతి ప్రశ్నకు జవాబు వస్తుంది. ఇంటర్‌లో సైన్ 150 డిగ్రీలు అడిగితే మాత్రం ఆ పట్టికలో జవాబు ఉండదు.

బీజగణితంలోనూ ఇంతే. a, b కూడి వర్గం చేస్తే a వర్గం, b వర్గం కలిపితే చాలని రాసే పిల్లలు ఇంటర్‌లో కూడా కనిపిస్తారు. 3, 4 పెట్టి చూస్తే 7 వర్గం 49, ఇటు 9, 16 కలిపితే 25. తప్పు వెంటనే తెలిసిపోతుంది. చతురస్రం గీసి నాలుగు ముక్కలు చూపించడానికి ఒక పీరియడ్ పడుతుంది. తొందరలో ఎగిరిపోయేది ఆ పీరియడే.

పక్కా ఆధారం కావాలంటే అమెరికాలో ఉంది. నార్త్ కరోలినాలోని షార్లట్-మెక్లెన్‌బర్గ్ బడుల్లో 2000ల తొలి ఏళ్లలో చాలామంది పిల్లలను ఎనిమిదిలోనే ఆల్జీబ్రాలోకి తోశారు. క్లాట్‌ఫెల్టర్, లాడ్, విగ్డార్ అనే పరిశోధకులు లెక్క తీస్తే, అలా ముందుకు జరిపిన పిల్లలకు ఆల్జీబ్రా పరీక్షలో మార్కులు తగ్గాయి, తర్వాతి జామెట్రీ కోర్సు గట్టెక్కే అవకాశం కూడా తగ్గింది.

‘95 మార్కులు వస్తే సిద్ధమే.’ బడి పరీక్షలో నిన్న చెప్పిన నమూనాలే వస్తాయి. 95 అంటే ఆ నమూనాలు గుర్తున్నాయని అర్థం, అంతవరకే. సిద్ధమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక ఆదివారం ముందుగా చెప్పకుండా, ఇప్పటి తరగతి పుస్తకంలోని అన్ని అధ్యాయాల నుంచి 20 లెక్కలు కలగాపులగంగా ఇవ్వండి. గంటన్నర టైమ్. 18కి తగ్గితే ఇంకా ముందుకు వద్దు. ఆ తర్వాత నోటితో చెప్పించండి. 3/4ను 2/5తో భాగిస్తే 15/8 ఎందుకు వచ్చింది? ‘తిరగేసి గుణించాలి సార్’ అంటే చాలదు, 3/4లో 2/5 దాదాపు రెండుసార్లు పడుతుందని చెప్పగలగాలి. తోతాపురి మామిడి కిలో 10 రూపాయల నుంచి 20 శాతం తగ్గి, మళ్లీ 20 శాతం పెరిగితే ఎంత? 10 అనే బిడ్డకు శాతం ఇంకా రాలేదు, జవాబు 9.60. తిరుపతి నుంచి చిత్తూరుకు బస్సు పోయేటప్పుడు గంటకు 60 కిలోమీటర్లు, వచ్చేటప్పుడు 40. సగటు వేగం? 50 అని చటుక్కున అనేవాళ్లే ఎక్కువ. మెల్లగా వచ్చేటప్పుడు ఎక్కువ సేపు పడుతుందని గమనించిన బిడ్డ 48 దగ్గరికి వస్తుంది.

వీటిలో తడబడితే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఏ అధ్యాయం దగ్గర ఆగాలో తెలిసింది, అంతే.

‘అర్థం కాకపోయినా నష్టం లేదు.’ ఉంది. అర్థం కాని పాఠాన్ని ఏడాదంతా రాసిన బిడ్డ, లెక్క అంటే మేడం చెప్పిన మెట్లు గుర్తుపెట్టుకోవడమే అనుకుంటుంది. పై తరగతిలో అదే పాఠం మళ్లీ వస్తే ‘నాకొచ్చు’ అని వినడం మానేస్తుంది. మొదటిసారి నేర్పడం కంటే ఈ అలవాటు మాన్పించడం కష్టం.

ఇక నిజం ఉన్న ముక్క. వచ్చిన లెక్కనే వందసార్లు చేయిస్తే తెలివైన బిడ్డకు విసుగు పుడుతుంది. నిజంగా సిద్ధంగా ఉన్న పిల్లలకు ముందుకు జరగడం మేలు చేస్తుందని అమెరికాలో జూలియన్ స్టాన్లీ 1971లో మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనం చూపించింది. అయితే వాళ్లను ముందు పై స్థాయి పరీక్షతో వడగట్టి ఎంచుకున్నారు. ఫీజు కట్టిన అందరినీ ఒకే సెక్షన్‌లో కూర్చోబెట్టలేదు.

పైన చెప్పిన పరీక్ష దాటిన బిడ్డకు పై తరగతి పాఠం ఒక్కటి ఇచ్చి, రెండు వారాలు తనంతట తాను చదవనివ్వండి. అభ్యాసంలో పదికి ఏడు చేసి, రాని లెక్క ముందు పావుగంట ఓపికగా కూర్చుంటే ముందుకు జరపండి, ఏడాది పాఠమే, రెండేళ్లది వద్దు. పాఠం వచ్చి విసుగు మాత్రమే ఉంటే లోతు పెంచండి. గణిత ఒలింపియాడ్ తొలి మెట్టు ఐఓక్యూఎం ఎనిమిదో తరగతి నుంచే రాయొచ్చు. 3 గంటలు, 30 ప్రశ్నలు, కాలిక్యులస్ అక్కర్లేదు. సంఖ్యా సిద్ధాంతం, జ్యామితి, లెక్కపెట్టే పద్ధతులు ఉంటాయి. ప్రభుత్వ బడి పిల్లలకు ఎనిమిదిలోనే ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

అయినా ఫౌండేషన్‌లోనే చేర్చాలనుకుంటే, ఫీజు కట్టే ముందు మూడు అడగండి. చేర్చుకునే ముందు ఏ పరీక్ష పెడతారు? రెండు నెలలకు కుదరకపోతే మామూలు సెక్షన్‌కు మారుస్తారా? మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి ఇస్తారా? ఆ 2024 మార్గదర్శకాలే కోచింగ్ సెంటర్లు 10 రోజుల్లో వెనక్కి ఇవ్వాలని చెబుతున్నాయి. బడి వాళ్లు ఏం ఒప్పుకుంటారో కాగితం మీద రాయించుకోండి.