ఒకే సాక్ష్య చట్టం, రెండు కోర్టులు

1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జులై 1న భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చినప్పటి నుంచి లా విద్యార్థుల్లో ఒకటే టెన్షన్. పాత 65బి సెక్షన్ ఇప్పుడు 63 అయింది, 27 వెళ్లి 23లో కలిసింది, 32 కాస్తా 26 అయింది, ఇవన్నీ మళ్లీ ఎలా గుర్తుపెట్టుకోవాలని పట్టికలు ముందేసుకుని బట్టీ కొడుతున్నారు. నా దృష్టిలో ఇది వృథా శ్రమ. 1872 చట్టంలో 167 సెక్షన్లుంటే ఇందులో 170 ఉన్నాయి, ఎలక్ట్రానిక్ రికార్డుల దగ్గర తప్ప లోపలి ఆలోచన పెద్దగా మారలేదు.

ఆ ఆలోచన పట్టుబడాలంటే ఒకే గొడవను సివిల్, క్రిమినల్ కోర్టులు రెండింటిలోనూ నడిపి చూడాలి. ప్రామిసరీ నోటు మీద సంతకం నాది కాదని ప్రతివాది అన్నాడనుకుందాం. డబ్బు దావాలో ఆ సంతకం అతనిదేనని రుజువు చేయాల్సింది వాది, అదీ ఎవరి వాదన నమ్మదగ్గదిగా ఉందన్న కొలతతోనే. అదే నోటు మీద ఫోర్జరీ కేసు పెడితే, ఆ వాదే దొంగ సంతకం చేశాడని సహేతుకమైన సందేహానికి తావులేకుండా ప్రాసిక్యూషన్ నిరూపించాలి. కాబట్టి దావా ఓడిపోయిన మనిషే క్రిమినల్ కోర్టులో నిర్దోషిగా బయటపడొచ్చు, రెండు తీర్పులూ సరైనవే కావచ్చు. చట్టం ఒకటే, ‘రుజువైంది’ అన్న మాటకు నిర్వచనమూ ఒకటే, మారింది భారం ఎవరి మీద ఉంది, ఎంత ఉంది అన్నదే. ఇది అర్థం కాని విద్యార్థికి నూట డెబ్బై సెక్షన్లు వచ్చినా ఏం లాభం?

ఒప్పుకోలు సంగతీ అంతే. సివిల్లో ప్రతివాది తన జవాబు దావాలో ఒప్పుకున్నదాన్ని మళ్లీ రుజువు చేయాల్సిన పని సాధారణంగా ఉండదు. క్రిమినల్లో పోలీసు దగ్గర నేరం ఒప్పుకున్నా అది నిందితుడి మీద చెల్లదు, అతను చెప్పినదాన్ని బట్టి బయటపడిన వస్తువుకు సంబంధించినంత వరకే సాక్ష్యంగా లోపలికి వస్తుంది. ఎంత వరకు అన్నది తేల్చింది గుంటూరు జిల్లా నుంచి బ్రిటిష్ కాలంలో ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు. ‘మా ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తాను’ అన్నది సాక్ష్యం, ‘దాంతోనే పొడిచాను’ అన్నది కాదు. మన ట్రయల్ కోర్టుల్లో ఇప్పటికీ ఈ గీత దాటిన వాక్యాలు రికార్డులోకి వచ్చేస్తుంటాయి, చాలాసార్లు అడ్డుచెప్పే లాయరే ఉండడు. ఒక మనిషి జైలుకెళ్లడం ఆ ఒక్క అభ్యంతరం మీద ఆధారపడి ఉండొచ్చు కదా!

1939 నాటి పాకాల నారాయణస్వామి తీర్పు కూడా మూలం తెరిచి చదవాల్సిందే. బాకీ డబ్బు ఇస్తామని రమ్మన్నారు, బరంపురం వెళ్తున్నానని పిఠాపురంలో భార్యకు చెప్పి బయల్దేరిన మనిషి శవమై పూరీలో రైలుపెట్టెలో ట్రంకులో దొరికాడు. చావు భయం లేనప్పుడు చెప్పిన ఆ మాట కూడా సాక్ష్యమేనంది ప్రివీ కౌన్సిల్. చావు తప్పదని తెలిసి చెప్పిన మాటనే ఒప్పుకునే అప్పటి ఇంగ్లండు చట్టానికీ మనదానికీ తేడా ఇక్కడ తెలిసినంతగా నోట్సులో తెలియదు.

పరీక్షలు కూడా మారాలి. ‘మరణ వాంగ్మూలం గురించి రాయండి’ అనడం ఆపి, ఒక మధ్యవర్తుల నివేదిక (పంచనామా) చేతికిచ్చి ఏ వాక్యం ఉంచాలో, ఏది కొట్టేయాలో కారణంతో సహా రాయమనాలి. అప్పటిదాకా ఈ-కోర్ట్స్ సైట్లో జిల్లా కోర్టు తీర్పులు తెరిచి, చివర ఉండే సాక్షుల, ఎగ్జిబిట్ల (కోర్టు ముందు సాక్ష్యంగా పెట్టిన పత్రాలు, వస్తువుల) జాబితా ముందు చదవండి. ఏది ఎవరి ద్వారా మార్క్ అయిందో, అంటే ఏ సాక్షి ద్వారా రికార్డులోకి ఎక్కిందో చూసుకున్నాకే తీర్పులోకి వెళ్లండి.