కొనేవాళ్లు వస్తున్నారు, బాత్రూమ్ తలుపు బాగు చేయించండి

మన మధ్యతరగతి ఇంటికి మర్యాద జరిగేది రెండే రెండు సార్లు. గృహప్రవేశం రోజు ఒకసారి, అమ్మకానికి పెట్టినప్పుడు ఇంకోసారి. మధ్యలో ఉన్న పన్నెండేళ్లో పదిహేనేళ్లో అది కేవలం మనం ఉండే చోటు, అంతకంటే దానికి విలువేం లేదు. హాల్లో ట్యూబ్‌లైట్ మినుకుమినుకుమంటుంటే "స్టార్టర్ పోయినట్టుంది, చూడాలి" అని నాలుగేళ్లు దాన్నే చూస్తూ కూర్చుంటాం, బాత్రూమ్ తలుపు కింద చెక్క తడికి ఉబ్బిపోయి కాలితో తంతే గానీ పడకపోతే ఎక్కడ తన్నాలో ఇంటిల్లిపాదికీ నేర్పిస్తాం, చుట్టాలొస్తే వాళ్లకీ నేర్పిస్తాం, కార్పెంటర్‌ని మాత్రం పిలవం. అలాంటిది మీడియేటర్ ఫోన్ చేసి "సార్, జెన్యూన్ పార్టీ ఉంది, ఆదివారం పదకొండింటికి తీసుకొస్తా" అన్నాడో లేదో, మంత్రిగారు వస్తున్నారని తెలిసిన సర్కారు దవాఖానాలాగా ఇల్లంతా పుట్టీ, పెయింట్ డబ్బాలే.

వెక్కిరిస్తున్నా అనుకోకండి, చాలా సీరియస్‌గా చెప్తున్నా. కట్టుకున్న భార్య పదేళ్లు అడిగినా బిగించని కుళాయిని ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఒక్క శనివారంలో బిగించడం అంటే మామూలు త్యాగం కాదు. దీన్ని ఒక శాస్త్రంగా గుర్తించాలని, యూనివర్సిటీలో కాకపోయినా కనీసం ఐటీఐలో అయినా కోర్సు పెట్టాలని నా డిమాండ్.

అమెరికావాళ్లు ఎప్పుడో గుర్తించారు లెండి. 1970ల్లోనే సియాటిల్ వైపు బార్బ్ ష్వార్జ్ అనే రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఒకావిడ ఇల్లు అమ్మే ముందు సర్దడాన్ని హోమ్ స్టేజింగ్ అని ఒక వృత్తిగా నిలబెట్టింది, ఇప్పుడు అక్కడ దానికోసం సోఫాలు, మంచాలు, గోడ మీద బొమ్మలు అన్నీ అద్దెకిచ్చే కంపెనీలున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు ఇల్లు అమ్ముతుంటే ఏజెంట్ చెప్పే మొదటి మాట, ఫ్యామిలీ ఫోటోలు తీసెయ్యండి, పూజగదిని మళ్లీ క్లాజెట్ చేసెయ్యండి, అమ్ముడయ్యేదాకా పోపు పెట్టకండి. వచ్చినవాళ్లకి ఇది తమ ఇల్లే అనిపించాలంట, ఇంగువ వాసనకి అలా అనిపించదంట. పాపం మనవాళ్లు గరాజ్‌లో ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని దొంగతనంగా పప్పుచారు కాచుకుంటారు, సొంతింట్లో, నెలనెలా మార్ట్‌గేజ్ కడుతూ.

అదే హైదరాబాద్‌లో నిజాంపేటలోనో మియాపూర్‌లోనో పదేళ్ల పాత ఫ్లాట్ అమ్మాలంటే ఈ సిద్ధాంతం మొత్తం తిరగబడుద్ది. ఇక్కడ దేవుడి పటాలు తీస్తే కొంప మునుగుద్ది, ఇంకో రెండు ఎక్కువ తగిలించాలి. గుమ్మానికి ప్లాస్టిక్ తోరణం పీకేసి నిజం మామిడాకులు కట్టాలి, గడపకి పసుపు రాయాలి, లోపల సాంబ్రాణి వెయ్యాలి. ఎందుకంటే మనవాడు వచ్చీరాగానే టైల్స్ చూడడు, "ఎందుకమ్ముతున్నారండీ?" అని అడుగుతాడు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రెడీగా లేకపోతే ఇంటీరియర్‌కి మీరు పెట్టిన ప్రతి రూపాయీ దండగ. ఈఎంఐ కట్టలేక అన్నారో రేటు అక్కడికక్కడే దిగిపోద్ది, అన్నదమ్ముల పంపకాలు అన్నారో వచ్చే వారం లాయర్ని వెంటేసుకొస్తాడు, ఒంట్లో బాగుండట్లేదు అన్నారంటే లిఫ్ట్ కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోతాడు. చెప్పాల్సింది ఒకటే, "బాగా కలిసొచ్చిన ఇల్లండీ, విల్లా తీసుకున్నాం, అందుకే."

ఈ ఒక్క వాక్యం చుట్టూనే మన స్టేజింగ్ అంతా తిరుగుతుంది. అమెరికాలో ఫోటోలు తీసేస్తే మనం గుమ్మానికి ఎదురుగా కొత్తవి పెట్టాలి, అదీ అబ్బాయి నల్ల గౌను వేసుకుని టోపీ పెట్టుకున్న ఫోటో అయితే మంచిది. వచ్చినాయన దాన్ని చూసి ఆగుతాడు, "మా వాడండీ, ఈ ఇంట్లోకి వచ్చిన ఏడాదే సీటొచ్చింది" అని మీరు మామూలుగా, ఏదో గుర్తొచ్చి అన్నట్టు అనాలి. ఆయన వెనక టెన్త్ క్లాస్ పిల్లాడు ఎవరైనా ఉన్నాడంటే మాస్టర్ బెడ్‌రూమ్ చూపించకపోయినా పర్లేదు, బేరం సగం అయిపోయినట్టే.

ఇక సామాన్ల సంగతి. తెలుగు ఇంట్లో చెత్త ఉండదు, "ఎప్పుడైనా పనికొచ్చేవి" ఉంటాయి. మా పక్కింటి అక్కావాళ్లు ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడు ఖాళీగా కనపడాలి అని మీడియేటర్ చెప్పాడంట, సరే అని ఖాళీ చేశారు, మా ఇంట్లోకి. బట్టలు ఆరేసుకునే ట్రెడ్‌మిల్, గృహప్రవేశానికి వచ్చి ఇంకా గిఫ్ట్ పేపర్ కూడా విప్పని గోడ గడియారాలు, ఫ్రిజ్ స్టెబిలైజర్ ఒకటి (ఆ ఫ్రిజ్ పోయి చాలా కాలమైంది), మూడు ఆవకాయ జాడీలు, కవర్లో కవర్లు కుక్కి మళ్లీ వాటన్నిటినీ ఇంకో కవర్లో కట్టిన మూట, అన్నీ మా హాల్లోనే. వాళ్లిల్లు ఫోటోల్లో మ్యాగజీన్‌లా వచ్చింది, మా ఇంటికొచ్చినవాళ్లు మాత్రం "మీరూ ఖాళీ చేస్తున్నారా" అని అడిగారు. ఫోటో తీసింది కూడా ఫోన్లో ఆ అర ఎక్స్ నొక్కి తీస్తారే అలా, పదడుగుల గదిలో కబడ్డీ ఆడొచ్చు అనిపించేలా.

అన్నిట్లోకీ పెద్ద కళ చెమ్మని దాచడం. పై ఫ్లాట్ బాత్రూమ్‌లో టైల్స్ సందుల్లో సిమెంట్ పోయి నీళ్లు స్లాబ్‌లోకి దిగితే కింద మన బెడ్‌రూమ్ గోడ మీద ఏదో రాష్ట్రం మ్యాప్ తేలుద్ది, ఆ నీళ్లతో పాటు సిమెంట్‌లో ఉప్పు కూడా బయటికొచ్చి తెల్లగా బూజులా పట్టి, పుట్టీని పొక్కులు పొక్కులుగా లేపుద్ది. మందు పైన వెయ్యాలి, అంటే పైవాళ్ల బాత్రూమ్‌లో టైల్స్ పీకి వాటర్‌ప్రూఫింగ్ చెయ్యాలి, పైవాళ్లు మనతో మాట్లాడి మూడేళ్లయింది. కాబట్టి మనం కిందే గీకి, డ్యాంప్ ప్రూఫ్ అని డబ్బా మీద రాసుంటది కదా అది రెండు కోట్లు కొట్టి, పైన లేత క్రీమ్ కలర్ వేస్తాం. ఏదో కొన్ని నెలలు ఆగుద్ది. మనకి కావాల్సింది కూడా అంతే, ఆదివారం పదకొండు నుంచి పన్నెండు.

ఇది మోసం కదా అని కొంతమంది సున్నిత మనస్కులకి అనుమానం రావచ్చు. చట్టం ఏమంటుందో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని ముఖ్యమైన లోపం ఏదైనా ఇంట్లో ఉంటే అమ్మేవాడు చెప్పి తీరాలి. ఇంగ్లీషోడి కాలంలో రాసింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. మనవాళ్లు ఈ సెక్షన్ చదవలేదు గానీ దాని సారం బాగా వంటబట్టించుకున్నారు. మామూలు జాగ్రత్త అంటే ఏంటి? బీరువా జరిపి చూడటం మామూలా, మామూలుకి ఎక్కువా? ఆ గోడకి ఆనించి గోద్రెజ్ బీరువా పెట్టి, లోపల పట్టుచీరలు, ఇత్తడి సామాను, పాత డాక్యుమెంట్లు నింపి నలుగురు కలిసినా జరపలేకుండా చేస్తే, చూడలేకపోవడం కొనేవాడి బలహీనత అవుద్ది గానీ మన తప్పెలా అవుద్ది? కోర్టు దీన్ని ఒప్పుకోకపోవచ్చు, మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో మాత్రం ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. పోనీ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఉంది కదా అంటారేమో, రెరా చూసేది బిల్డర్ల ప్రాజెక్టుల్ని, ఏజెంట్లని, మీరూ నేనూ పాత ఫ్లాట్ అమ్ముకుంటే మన గోడ దాకా రాదు.

టైమింగ్ కూడా చెప్పేస్తా, రాసి పెట్టుకోండి. ఎండాకాలంలో చూపిస్తే గోడలు పొడిగా ఉంటాయి గానీ బోర్ ఎండిపోయి గేటు ముందు ట్యాంకర్ నిలబడి ఉంటది. శ్రావణంలో చూపిస్తే బోర్ నిండా నీళ్లు, గోడ నిండా కూడా నీళ్లే. ఆషాఢంలో, పుష్యంలో ఇల్లు చూడటానికి మనవాళ్లు రానేరారు. అటు వానలు తగ్గి గోడలారి, ఇటు భూగర్భ జలాలు పైనే ఉండి, ముహూర్తాలు కూడా కుదిరేది కార్తీకం ఒక్కటే. శివకేశవులు ఇద్దరూ కలిసి సేల్స్ డిపార్ట్‌మెంట్ చూసుకునే నెల అది.

లైట్లు మర్చిపోకండి. 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ కింద గోడ మీద మీ పిల్లాడు యూకేజీలో గీసిన గీతలు కూడా తేలతాయి, 3000 కెల్విన్ పసుపుపచ్చ లైట్లు పెడితే ఆ గోడే ఏదో స్టార్ హోటల్ లాబీలా ఉంటది, మనుషులు కూడా కాస్త మంచోళ్లలా కనపడతారు. వాచ్‌మన్‌కి ముందురోజే వంద ఇచ్చి పదిన్నరకల్లా ఓవర్‌హెడ్ ట్యాంక్ నింపించాలి, ఎందుకంటే వచ్చినవాళ్లు కుళాయి తిప్పుతారు, తిప్పి "మంజీరా ఉందాండీ?" అంటారు. ఉందనే చెప్పాలి. ఆ పైపులో వచ్చేది కృష్ణో గోదారో వాటర్ బోర్డుకే తెలియాలి, సిటీలో నల్లా నీళ్లన్నిటికీ పేరు మంజీరానే.

వాస్తు గురించి రాస్తే వేరే వ్యాసం అయిపోద్ది. కంపాస్ యాప్ ఓపెన్ చేసే బావమరిది ఒకడు ప్రతి పార్టీతోనూ వస్తాడు, అతన్ని లిఫ్ట్ పక్కనో ఇనుప గ్రిల్ దగ్గరో నిలబెట్టండి, ముల్లు ఎటు తిరిగితే అటు ఈశాన్యం పెరుగుద్ది.

ఇన్ని చేసినా ఒక్క మనిషి దగ్గర మాత్రం ఏదీ పనిచేయదు, కొనేవాళ్ల అమ్మగారు. పక్కింటి అక్కావాళ్లకి అదే జరిగింది, సామాను దాచిన పాపానికి నేనూ అక్కడే ఉన్నా. సాఫ్ట్‌వేర్ జంట, వాళ్లిద్దరూ ఫాల్స్ సీలింగ్ చూసి మురిసిపోయారు, బాల్కనీలో అప్పుడే నర్సరీ నుంచి తెచ్చిన మొక్కలకి ఫోటోలు తీసుకున్నారు. పెద్దావిడ మాత్రం సోఫాలో కూర్చోకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లి, సింక్ కింద తలుపు తీసి, కష్టం మీద వంగి, లోపల చెయ్యి పెట్టి పైపు తడిమి చూసింది. తర్వాత బెడ్‌రూమ్‌లోకి వచ్చి బీరువా పక్కన కనపడుతున్న ఆ జానెడు గోడకి అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

"అమ్మాయ్, గోడ ఇంత చల్లగా ఉందేంటమ్మా?"

"ఏసీ గది కదా పిన్నిగారూ, ఇప్పుడే ఆపాం" అంది అక్క.

పెద్దావిడ ఏసీ వైపు చూసింది. ప్లగ్ పీకి, వైరు చక్కగా చుట్టి రబ్బర్ బ్యాండ్ వేసుంది, అందంగా ఉంటుందని అక్కే చుట్టింది.

"పొయ్యి మీద ఒక్క మరక లేదు, పోపుల డబ్బా కొత్తది, గోడలకి పెయింట్ వాసన. ఎన్నాళ్లుగా ఉంటున్నారమ్మా ఈ ఇంట్లో?"

"పదకొండేళ్లండీ."

"అవునా తల్లీ" అనేసి ఆవిడ చెప్పులేసుకుంది. రేటు కూడా అడగలేదు.

అప్పుడు నాకర్థమైందేంటంటే మరీ శుభ్రం కూడా డేంజరే, అక్కడక్కడా రెండు చిన్న మరకలు, నమ్మకం కోసం, వదిలెయ్యాలి. అమెరికావాళ్ల ట్రైనింగ్‌లో ఈ పాఠం ఉండి ఉండదు, వాళ్ల దగ్గర ఇల్లు చూడటానికి అత్తగార్లు అంతగా రారు కదా.

తర్వాత ఇంకో పార్టీకి అమ్ముడయింది లెండి. ఆయన గోడలు చూళ్లేదు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీల రికార్డు), ఓసీ (ఇంట్లో ఉండొచ్చని ఇచ్చే సర్టిఫికెట్), యూడీఎస్ (స్థలంలో మన వాటా) ఎన్ని గజాలు, ఇవే అడిగాడు, చదరపు అడుగుకి ఇంత అని లెక్కేశాడు. "ఇంటీరియర్‌కే ఎనిమిది లక్షలు పెట్టామండీ" అని బావ అంటే "అవన్నీ ఎలాగూ పీకించేస్తాం" అన్నాడు చాలా మర్యాదగా. రిజిస్ట్రేషన్ అయిన వారానికే డ్రిల్లింగ్ మెషీన్ మోత, ఆ పచ్చ లైట్లు, క్రీమ్ కలర్ గోడ, తన్నకుండానే పడే కొత్త బాత్రూమ్ తలుపు, అన్నీ బస్తాల్లో కట్టి సెల్లార్‌లో పడేశారు. సీఏ దగ్గరికెళ్తే ఆయనేమో, కొత్తగా గది కట్టిస్తే ఆ ఖర్చు ఇంటి ఖరీదులో కలుపుకోవచ్చు గానీ పెయింట్లు రిపేర్లు మామూలు మెయింటెనెన్స్, క్యాపిటల్ గెయిన్స్‌లో, అంటే ఇల్లమ్మితే వచ్చిన లాభం లెక్కలో, తగ్గదు అన్నాడంట. 2024 జులై 23 నుంచి పన్ను లెక్క మారింది, అంతకుముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ఖరీదుని పెంచి లెక్కెయ్యడం) లేకుండా 12.5 శాతమా, ఉండి 20 శాతమా, ఏది తక్కువైతే అది కట్టొచ్చు, రెండింట్లోనూ పుట్టీకి చోటు లేదు. ఇంత జాతీయ స్థాయి త్యాగానికి ఒక్క సెక్షన్ కింద కూడా మినహాయింపు లేకపోవడం అన్యాయం, వచ్చే బడ్జెట్‌లో అయినా చూడాలి.

అందుకని ఆలోచించి ఒక ప్రతిపాదన చేస్తున్నా. ఇల్లు రెండేళ్లకోసారి అమ్మకానికి పెట్టండి. నిజంగా అమ్మడానికి కాదు, ఊరికే. మీడియేటర్‌కి చెప్పండి, నిజంగానే పార్టీని రప్పించండి, ఉత్తుత్తి పార్టీ అయితే మనకి చెయ్యి కదలదు. ఆ భయంతో స్టార్టర్ మారుద్ది, గీజర్ బాగవుద్ది, అటక మీద పాత సూట్‌కేసులు కిందికి దిగుతాయి, ఓ వారం పాటు మనుషులుండే ఇంట్లో మనమూ ఉన్నట్టుంటది. రేటు మాత్రం మార్కెట్ కంటే బాగా ఎక్కువ చెప్పండి. అయినా ఎవడో ఒకడు ఒప్పుకుని టోకెన్ అడ్వాన్స్ తీశాడనుకోండి, కంగారుపడకండి, మూఢం వచ్చిందని చెప్పండి. వాడూ మనవాడేగా, క్యాలెండర్ కూడా చూడకుండా నమ్మి వెళ్లిపోతాడు.