ఇండీ రాక్ చచ్చిపోయిందా? కొత్త ఆల్బమ్‌లు విని చెప్పండి

ఈమధ్య ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది. అందులో ఉన్నది ఇదీ: ఇండీ రాక్ (పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న స్వతంత్ర కంపెనీల నుంచి వచ్చే గిటార్ సంగీతం) 2010 నాటికే చచ్చిపోయింది, వినేవాళ్ళు లేరు, కొత్తగా వచ్చేవన్నీ పాత బ్యాండ్లకు కాపీలే, స్ట్రీమింగ్ యాప్ ముందుకు తోస్తే తప్ప ఏ పాటా జనంలోకి వెళ్ళదు, ‘ఇండీ’ అన్నది పేరుకే, వెనకున్నది పెద్ద కంపెనీలే. ఇంత రాసినవాళ్ళు ఒక్క కొత్త ఆల్బమ్ పేరైనా ఎత్తలేదు. నాకు కోపం తెప్పించింది అదే.

వినేవాళ్ళు లేరన్న మాట నిలబడదు. ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి నుంచి వచ్చిన వెట్ లెగ్ మొదటి ఆల్బమ్ 2022లో బ్రిటన్ చార్టులో నంబర్ వన్ అయింది. మరుసటి ఏడాది ఆ బ్యాండ్‌కు రెండు గ్రామీలు వచ్చాయి. 2025లో వచ్చిన రెండో ఆల్బమ్ కూడా నంబర్ వనే. డబ్లిన్ కుర్రాళ్ళు ఫాంటెయిన్స్ డి.సి. కూడా 2022లోనే అదే స్థానానికి చేరారు.

ఇక కాపీలన్న ఆరోపణ. దీని మీద కాస్త ఎక్కువే మాట్లాడాలి. బ్రూక్లిన్ బ్యాండ్ గీస్ 2025 సెప్టెంబర్‌లో ‘గెటింగ్ కిల్డ్’ తెచ్చింది. దాన్ని బ్యాండ్‌తో కలిసి ప్రొడ్యూస్ చేసిన కెన్నీ బీట్స్ ర్యాప్ పాటలతో పేరు తెచ్చుకున్నవాడు. మొదటి పాటే నెమ్మదిగా నడుస్తూ ఉన్నట్టుండి కేకల్లోకి పేలిపోతుంది. గీస్ గాయకుడు కామెరన్ వింటర్ గొంతు సాగుతుంది, వణుకుతుంది, ఒక్కోసారి శ్రుతి అంచు మీద నిలబడుతుంది. కొందరికి అస్సలు నచ్చదు. నచ్చకపోవడం వేరు, కాపీ అనడం వేరు. నార్త్ కరోలినా బ్యాండ్ వెన్స్‌డే పాటల్లో చెవులు గింగురుమనే గిటార్ల మధ్య అమెరికా పల్లె పాటలైన కంట్రీ సంగీతంలో వాడే పెడల్ స్టీల్ అనే గిటార్ ఏడుస్తూ ఉంటుంది. ఆ రెండూ అలా కలిసే తీరు నాకు ప్రాణం.

అన్నిటికన్నా గట్టి జవాబు లండన్ బ్యాండ్ బ్లాక్ కంట్రీ, న్యూ రోడ్. 2022లో రెండో ఆల్బమ్ విడుదలకు నాలుగు రోజుల ముందు వాళ్ళ గాయకుడు ఐజాక్ వుడ్ బయటికి వెళ్ళిపోయాడు. ఆ ఆల్బమ్‌కు ఎంతో పేరొచ్చింది. అలాంటి గొంతునే ఇంకొకటి వెతుక్కుని అవే పాటలు పాడుకుంటూ తిరగొచ్చు. వాళ్ళు ఆ పాటల్నే పక్కన పెట్టేశారు. కొత్తవి రాసుకుని వేదికలెక్కారు. 2025లో వచ్చిన ‘ఫరెవర్ హౌలాంగ్’లో బ్యాండ్‌లోని ముగ్గురమ్మాయిలు పాటలు పంచుకుని పాడారు. తమ పాత ఆల్బమ్‌నే కాపీ కొట్టని వాళ్ళను ఎవరి కాపీ అంటాం?

ఇంకొకటి. 2010 నాటికి చచ్చిందంటే అంతకుముందు 2000లు బంగారు కాలమనేగా? అప్పుడు కాపీలు లేవా? అప్పటి గిటార్ బ్యాండ్ల గుంపును బ్రిటిష్ పత్రికలు ‘ల్యాండ్‌ఫిల్ ఇండీ’ అని తిట్టాయి, అంటే చెత్తకుప్పలో పోయాల్సిన సరుకని. వాటిని మనం మరిచిపోయాం, మంచివే గుర్తున్నాయి. అప్పటి మేలిరకాన్ని ఇవాళ్టి మొత్తం సరుకుతో పోల్చడం న్యాయం కాదు.

యాప్ లేకపోతే జనంలోకి వెళ్ళదంటారా? సిండీ లీ పేరుతో పాడే కెనడా కళాకారుడు పాట్రిక్ ఫ్లెగెల్ 2024లో ‘డైమండ్ జూబ్లీ’ విడుదల చేశాడు. 32 పాటలు, రెండు గంటల పైమాటే. స్పాటిఫైలో పెట్టలేదు. యూట్యూబ్‌లో ఒకే పొడవాటి వీడియోగానూ, జియోసిటీస్ (పాతకాలపు ఉచిత వెబ్‌సైట్ల సేవ) తరహా పేజీలో డౌన్‌లోడ్‌గానూ ఇచ్చాడు. అయినా జనం ఒకరికొకరు చెప్పుకుని వెతుక్కుని విన్నారు. ఆ ఏడాది మేటి ఆల్బమ్‌ల జాబితాల్లో అది పైన నిలిచింది.

పెద్ద కంపెనీల మాటలో సగం నిజముంది. అమెరికా బ్యాండ్ బాయ్‌జీనియస్ 2023 ఆల్బమ్ ఇంటర్‌స్కోప్ అనే లేబుల్ (ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ) నుంచి వచ్చింది, అది పెద్ద సంగీత కంపెనీ యూనివర్సల్ వాళ్ళది. కానీ వెట్ లెగ్‌ది డొమినో, గీస్‌ది పార్టిజన్, వెన్స్‌డేది డెడ్ ఓషన్స్. మూడూ స్వతంత్ర లేబుళ్ళే.

నిజమైన కష్టం డబ్బు దగ్గరుంది, ఆ పోస్టు దాని ఊసే ఎత్తలేదు. 2024 నుంచి స్పాటిఫైలో ఏ పాటైనా ఏడాదిలో 1,000 సార్లు వినిపించకపోతే దానికి రాయల్టీ రాదు. చిన్న బ్యాండ్లకు ఇది గట్టి దెబ్బ. కళాకారుల నుంచి నేరుగా పాటలు కొనుక్కునే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ కొంటే మాత్రం ఎక్కువ వాటా వాళ్ళకే వెళ్తుంది. ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ రోజుల్లో ఆ సైటు తన కమీషన్ కూడా వదులుకుంటుంది, 2020 నుంచి ఇది నడుస్తోంది. నచ్చిన ఆల్బమ్ ఉంటే ఆ శుక్రవారం కొనండి.