ఖాళీగా కూర్చున్న కార్డే బ్యాటరీని తింటోంది

లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ నిలవడం లేదని ఎవరైనా అనగానే వచ్చే సలహా, గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మ చూపే కార్డును నడిపే ప్రోగ్రామ్, మార్చి చూడమని. సలహా తప్పు కాదు. అయితే ఆ డ్రైవర్ ఏం చేయాలన్నది ఎవరూ చెప్పరు. ఆటల కోసమైతే కార్డును పరిగెత్తించే డ్రైవర్ కావాలి. బ్యాటరీ కోసమైతే కార్డును పడుకోబెట్టే డ్రైవర్ కావాలి. మొదటి విద్య వచ్చిన డ్రైవర్‌కు రెండోది వచ్చి తీరాలనేమీ లేదు.

ప్రాసెసర్‌లోనే ఇమిడిపోయిన చిన్న గ్రాఫిక్స్ చిప్‌తో పాటు విడిగా మరో పెద్ద కార్డు ఉన్న యంత్రాల్లోనే అసలు చిక్కు. 50 వాట్-అవర్ల బ్యాటరీ ఉందనుకోండి. మామూలు పనికి ల్యాప్‌టాప్ మొత్తం 7 వాట్లు వాడితే ఏడు గంటలు వస్తుంది. ఏ పనీ లేని పెద్ద కార్డు మెలకువగా ఉండి మరో 7 వాట్లు తీసుకుంటే మూడున్నర గంటలే. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్న మాట ఇంత కచ్చితంగా కుదిరే చోటు మరొకటి నాకు తెలియదు.

ఈ రెండు కార్డుల ఏర్పాటును గ్రాఫిక్స్ కార్డుల సంస్థ ఎన్విడియా 2010లో ఆప్టిమస్ పేరుతో తెచ్చింది, విండోస్ కోసం. లినక్స్ వాడేవాళ్లకు దిక్కు బంబుల్‌బీ అనే స్వచ్ఛంద ప్రాజెక్టే అయింది. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాకు మధ్యవేలు చూపించిన దృశ్యం అందరికీ గుర్తుంది. దానికి ముందు సభలోంచి ఒక మహిళ వేసిన ప్రశ్న మాత్రం ఎవరికీ గుర్తులేదు. ఆమె అడిగింది తన ఆప్టిమస్ ల్యాప్‌టాప్ గురించే.

ఎన్విడియా కార్డుల కోసం బయటివాళ్లు రాసిన స్వేచ్ఛా డ్రైవర్ నూవో కష్టాలు వేరు. 2014 చివర్లో వచ్చిన జీటీఎక్స్ 900 శ్రేణి నుంచి సంస్థ డిజిటల్ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే నడిచే ప్రోగ్రామ్) లేనిదే కార్డు వేగాన్ని మార్చడం నూవోకు సాధ్యం కాలేదు. 2022 మేలో ఎన్విడియా తన డ్రైవర్‌లో కెర్నల్‌తో, అంటే లినక్స్ గుండెకాయతో, కలిసి నడిచే భాగాన్ని బహిరంగపరిచింది. మిగతాది ఇంకా మూసిన పెట్టెలోనే ఉంది. 2018 నాటి ట్యూరింగ్ తరం నుంచి, పని లేనప్పుడు కార్డుకు విద్యుత్తును పూర్తిగా ఆపేసే సౌకర్యం ఆ సంస్థ డ్రైవర్‌లో ఉంది. అంతకంటే పాత కార్డున్నవారికి ఆ యోగం లేదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. పెద్ద కార్డు నాకెందుకని దాని డ్రైవర్‌ను అసలు లోడ్ కాకుండా నిషేధించాను. ఇక అది పడుకున్నట్టే అనుకున్నాను. బ్యాటరీ మునుపటికంటే త్వరగా ఖాళీ అయింది. దీపం ఆర్పాల్సిన మనిషినే గెంటేస్తే దీపం వెలుగుతూనే ఉంటుంది కదా! డ్రైవర్ లేని కార్డును నిద్రపుచ్చమని కెర్నల్‌కు మనం విడిగా చెప్పాలి. ఆ కార్డులోనే ఉండే చిన్న ఆడియో భాగం మేలుకొని ఉన్నా మొత్తం కార్డు పడుకోదు. ఇంకో తమాషా, కార్డు స్థితి తెలుసుకోవడానికి ఎన్విడియా ఇచ్చే ఎస్ఎంఐ పనిముట్టు నడిపితే, ఆ పలకరింపుకే కార్డు లేచి కూర్చుంటుంది. లేపకుండా చూడాలంటే కెర్నల్ తన వివరాలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్ఎస్‌లో ఆ కార్డు పేరిట ఉండే రన్‌టైమ్ స్టేటస్ ఫైలు చదవాలి. అందులో ‘సస్పెండెడ్’ అని ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇంటెల్, ఏఎండీ చిప్‌లు మాత్రమే ఉన్నవారు చాలావరకు ఏమీ ముట్టుకోనక్కర్లేదు. డ్రైవర్లు కెర్నల్‌లోనే వస్తాయి. పదేళ్లనాటి చిట్కాలు చూసి ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఐ915కు బూట్ పారామీటర్లు (యంత్రం లేచేటప్పుడు ఇచ్చే ఆదేశాలు) తగిలించేవారు ఇంకా ఉన్నారు. వాటిలో ముఖ్యమైన ఆర్‌సీ6, అంటే పని లేనప్పుడు చిప్ నిద్రపోయే స్థితి, ఎప్పుడో దానంతటదే అమల్లోకి వచ్చేసింది. వీరు చూసుకోవాల్సింది వీడియో. కుదించిన వీడియోను విప్పే పని, అంటే డీకోడింగ్, గ్రాఫిక్స్ చిప్‌లో జరగకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఇంటెల్ చిప్‌లకు ఈ చిప్‌లోని డీకోడింగ్‌ను 2023లో, 115వ వెర్షన్‌తో అమల్లో పెట్టింది. లినక్స్ రూపాల్లో ఒకటైన ఫెడోరా మాత్రం 2022లో పేటెంట్ల భయంతో తన మెసా అనే గ్రాఫిక్స్ ప్యాకేజీ నుంచి హెచ్.264, హెచ్.265 అనే వీడియో రకాల డీకోడింగ్‌ను తీసేసింది. ఏఎండీ చిప్ కొనుక్కున్నవారికి దాని సామర్థ్యం చేతిలో ఉండీ అందకుండా పోయింది.

ఇవన్నీ వాడేవాడు తవ్వి తెలుసుకోవాల్సి రావడమే నా అభ్యంతరం. బ్యాటరీ శాతం చూపించే బొమ్మ పక్కన, పెద్ద కార్డు మెలకువగా ఉందా, ఉంటే ఏ ప్రోగ్రామ్ వల్ల అని ఒక్క వరుస చూపించడం డెస్క్‌టాప్ తయారుచేసేవారికి బ్రహ్మవిద్య కాదు. ఆ వివరం కెర్నల్ దగ్గర చాలావరకు ఉన్నదే. కొత్త రంగులు, కొత్త యానిమేషన్ల కంటే ముందు రావాల్సింది ఇదే.

డ్రైవర్‌కు అందని సంగతి ఒకటి మిగిలింది. కొన్ని మోడళ్లలో బయటి తెరకు వెళ్లే హెచ్‌డీఎంఐ పోర్టును నేరుగా పెద్ద కార్డుకే కలుపుతారు. ఆ పోర్టుకు తెర తగిలించి ఉన్నంతసేపూ కార్డు పడుకోదు. ఏ పోర్టు ఏ కార్డుకు కలిసి ఉందో తయారీదారులు పెట్టె మీద రాయరు.