హెచ్‌ఎస్‌పీ 70 అన్నకు ఒక మిద్దె తోట ఫిర్యాదు

అన్నా,

మొక్క కణాల్లో వేడికి చెడిపోయే ప్రోటీన్లను సర్దే ప్రోటీన్‌వి నువ్వు, హెచ్‌ఎస్‌పీ అంటేనే హీట్ షాక్ ప్రోటీన్. కానీ చల్లగా ఉన్నన్నాళ్లు నువ్వు చేసే పెద్ద పని ఏంటయ్యా అంటే, హెచ్‌ఎస్‌ఎఫ్‌ఏ1 అనే ప్రోటీన్ నోరు నొక్కి కూర్చోవడం. వేడి వచ్చిందని మొక్క అంతటికీ చెప్పాల్సింది ఆయన. ఆయన్ని కదలనివ్వనిది నువ్వూ, నీ జతగాడు హెచ్‌ఎస్‌పీ 90. ఎండ ముదిరి, కణంలో ప్రోటీన్లు మడతలు విడిపోయి ఒకదానికొకటి అతుక్కుంటుంటే అప్పుడు మీకు మెలకువ వస్తుంది, వాటిని సర్దడానికి పరిగెత్తే హడావుడిలో ఆయన్ని వదిలేస్తారు, ఆయన కేంద్రకంలోకి పోయి ముగ్గురేసి జట్టుకట్టి డీఎన్‌ఏని పట్టుకుని జీన్లను లేపితే చివరికి తయారయ్యేది ఎవరు? మళ్లీ మీ వాళ్లే! పని తగ్గగానే అందరూ కలిసి ఆయన్నే మళ్లీ పట్టేసుకుంటారు. ఇంత పకడ్బందీగా నడిచే డిపార్ట్‌మెంట్ హైదరాబాద్‌లో ఇంకోటి లేదు.

పేరు మాత్రం నీదే. అతుక్కుపోయిన ముద్దల్ని లాగి విడదీసే చాకిరీ మీ ఖాందాన్‌లోనే ఉన్న హెచ్‌ఎస్‌పీ 101ది. చిన్న హెచ్‌ఎస్‌పీలు, పాపం, కణానికి ఇంధనమైన ఏటీపీ కూడా అడక్కుండా విడిపోయినవాటిని పట్టుకుని నీకోసం ఎదురుచూస్తుంటాయి. నీకేమో ఏటీపీ లేనిదే చెయ్యి కదలదు. 1962లో రిటోస్సా అనే ఇటలీ శాస్త్రవేత్త పండ్ల ఈగల క్రోమోజోముల మీద వేడికి జీన్లు మేల్కొన్న చోట లేచిన ఉబ్బుల గురించి రాశాడు చూడు, అప్పట్నుంచీ మీ ఖాందాన్‌కి ప్రచారమే ప్రచారం.

సరే, ఇంతా చేసి కాపాడింది దేన్ని? ఆకుల్ని. మే నెలలో మా మిద్దె మీద టమాటా మొక్క పచ్చగా నవనవలాడుతోంది, కాయ ఒక్కటి లేదు. పువ్వులోని పుప్పొడి దగ్గరికొచ్చేసరికి మీ ఆఫీసు సగం మూసే ఉంటుందట. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 దాటితే పుప్పొడి చచ్చుబడి పూత రాలిపోతుంది, మా శ్లాబేమో పగలు తాగిన వేడిని తెల్లారేదాకా కక్కుతూనే ఉంటుంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్‌లో సజ్జ మీద పనిచేసేవాళ్లు ఎండలో గింజ పడిందా లేదా అని చూస్తారు, ఆకు ఎంత పచ్చగా ఉందని మార్కులు వెయ్యరు. నువ్వూ కాస్త అటు చూడు.

డిమాండ్ ఒకటే: పూల సెక్షన్‌లో నైట్ డ్యూటీ వేయించుకో. గ్రీన్ నెట్ ఖర్చు నేను పెట్టుకుంటా.

ఇట్లు,
కాయలేని మొక్కకు రెండు పూటలా నీళ్లు మోస్తూ, టమాటాలు రైతు బజార్‌లో కొనుక్కుంటున్న నీ తమ్ముడు