పాపని తర్వాత తెచ్చుకోవచ్చులే అని ఎవరికీ చెప్పకండి

"అమెరికా సిటిజన్‌షిప్ ఉన్నవాడివి, భార్యని తెచ్చుకోవడం నీకెంతసేపు?" మా పెళ్ళైన కొత్తలో ఈ మాట అనని మనిషి లేడు. ఆ వెంటనే గొంతు తగ్గించి ఇంకో మాట. "ముందు అమ్మాయిని తీసుకెళ్ళు బాబూ. పాపని అమ్మమ్మ దగ్గర ఉంచండి. మీరిద్దరూ కుదురుకున్నాక చూసుకోవచ్చు."

నాకు కోపం ఆ రెండో మాట మీదే. చుట్టాలన్నారు, స్నేహితులన్నారు, ఫీజు పుచ్చుకుని సలహా చెప్పే కన్సల్టెంటూ అన్నాడు. కొందరు మా మంచి కోరే అన్నారని తెలుసు. అయినా అది చెడ్డ సలహా. ఆ పిల్ల మనసుకి ఏమవుతుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. కాగితాలపరంగా జరిగే నష్టం మాత్రం మనవాళ్ళలో చాలామందికి తెలీదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

మా ఇద్దరికీ ఇది రెండో పెళ్ళి. మా ఆవిడది తెనాలి, మొదటి పెళ్ళిలో పుట్టిన కూతురుంది, ఆ పాప గురించే ఈ మాటలన్నీ. నేనుండేది ఒహాయోలో. పిల్ల ఉన్న ఆవిడని చేసుకుంటున్నానంటే ఆ పిల్లని కూడా కావాలనుకునే చేసుకుంటున్నాను. దీనికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

ముందు చట్టం సంగతి. భార్య మొదటి పెళ్ళి బిడ్డని అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం నీ బిడ్డగానే లెక్కేస్తుంది. దత్తత అక్కర్లేదు, రక్తసంబంధం అక్కర్లేదు. ఒకటే షరతు: బిడ్డకి 18 ఏళ్ళు నిండేలోపు మీ పెళ్ళి జరిగుండాలి. 18 దాటిన మర్నాడు పెళ్ళి చేసుకుంటే ఆ బిడ్డ కోసం నువ్వు పిటిషన్ వెయ్యలేవు. టీనేజీ పిల్లలున్న వాళ్ళకి సంబంధాలు చూసేవాళ్ళు ముహూర్తానికి ముందు ఈ తేదీ చూసుకోవాలి. "పరీక్షలు అయ్యాక చేద్దాం, వచ్చే మాఘంలో చేద్దాం" అని వాయిదా వేసుకుంటూ పోయి ఆ హక్కు పోగొట్టుకున్న కుటుంబం నాకు తెలుసు.

బంధం విషయంలో ఇంత ఉదారంగా ఉన్న చట్టం పద్ధతి దగ్గరికొచ్చేసరికి మనుషుల్ని చీకట్లో వదిలేస్తుంది. సిటిజన్ తన భార్యకి ఐ-130 (బంధువుని తెచ్చుకోవడానికి వేసే పిటిషన్) వేస్తే అది భార్య ఒక్కదానికే. ఆమె వెనకాల బిడ్డ రాదు. బిడ్డకి విడిగా ఇంకో ఐ-130 వెయ్యాలి. హెచ్-1బీ మీద వచ్చినవాళ్ళకి భార్యాపిల్లలు డిపెండెంట్లుగా రావడం, ఒకే ఎంప్లాయ్‌మెంట్ పిటిషన్ కింద ఇంటిల్లిపాదికీ గ్రీన్ కార్డు రావడం మనకి అలవాటు. ఇదీ అంతే అనుకుంటాం. సిటిజన్ దగ్గరి బంధువుల కేటగిరీలో అలా కుదరదు. మనిషికో పిటిషన్, పిటిషన్‌కో ఫీజు. ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీద వేస్తే 675, 2024 ఏప్రిల్ నుంచి ఇదీ లెక్క. అది అప్రూవ్ అయ్యాక, ఇంటర్వ్యూకి ముందు కాగితాలు చూసే నేషనల్ వీసా సెంటర్‌లో మనిషికి 325, ఐ-864 అనే ఆర్థిక హామీ పత్రం పరిశీలనకి 120. తల్లికో ఐ-864, బిడ్డకో ఐ-864.

ఇంతకంటే ఘోరమైన ఇరకాటం గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళది. వాళ్ళు భార్యకి పిటిషన్ వేస్తే అందులో బిడ్డ కూడా వస్తుంది. ఆ కేటగిరీని ఎఫ్2ఏ అంటారు. సరే, క్యూ పొడుగ్గా ఉంది, సిటిజన్ అయిపోతే తొందరగా అవుతుందని సిటిజన్‌షిప్ తీసుకుంటారు. ఆ రోజు నుంచి భార్య కేసు దగ్గరి బంధువుల కేటగిరీకి మారుతుంది, పాప అందులోంచి జారిపోతుంది. దాని కోసం మళ్ళీ కొత్త పిటిషన్ వెయ్యాల్సిందే. చాలామందికి ఈ సంగతి తల్లి ఇంటర్వ్యూ దగ్గరపడ్డాక తెలుస్తుంది. అప్పటికప్పుడు ఐ-130 వేస్తే అది అప్రూవ్ అవడానికి ఏడాది దాటినా దిక్కుండదు. అందుకే గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళైనా మొదట్లోనే బిడ్డకి విడిగా ఒక పిటిషన్ వేసి పెట్టుకోండి. ఆ ఫీజుకి వెనకాడకండి.

ఇప్పుడా కన్సల్టెంట్ సంగతి. హైదరాబాద్‌లో ఆఫీసు, గోడ నిండా వీసా స్టాంపుల ఫొటోలు. మా ఫైలు తిరగేస్తూ, "పాప కేసు ఇప్పుడే ఎందుకు సార్, అనవసరంగా మేడం గారి కేసుకి కొర్రీలు పడతాయి. ముందు మేడం గారు వెళ్ళిపోతే, పాపని తర్వాత నేనే పంపిస్తా" అన్నాడు. పార్సెల్ గురించి మాట్లాడినట్టు. పాప పక్క కుర్చీలోనే ఉంది. అప్పటిదాకా టేబుల్ మీది పిన్నుల డబ్బాలో అయస్కాంతం తిప్పుతూ ఆడుకుంటోంది. ఆ మాట వినగానే డబ్బా మూత పెట్టేసి, తల్లి చున్నీ చివర పట్టుకుని కూర్చుంది. మేం లేచి వచ్చేశాం. ఎనిమిదేళ్ళ పిల్లకి తెలుగు అర్థం కాదనుకున్నాడా?

పైగా ఆయన చెప్పింది అబద్ధం. బిడ్డ పిటిషన్ వేసినందుకు తల్లి కేసు పాడవదు. తల్లి ఫారాల్లో పిల్లల వివరాలు ఎలాగూ రాయాలి. బిడ్డని దాచడం కుదరదు, దాచకూడదు కూడా. ఇక "తర్వాత" వల్ల జరిగే నష్టం చూడండి. పెళ్ళై రెండేళ్ళు నిండకముందే భార్య అమెరికాలో అడుగుపెడితే ఆమెకొచ్చేది రెండేళ్ళ షరతుల గ్రీన్ కార్డు. దాని గడువు తీరేముందు 90 రోజుల్లో ఐ-751 అనే ఫారం వేసి షరతులు తీయించుకోవాలి. బిడ్డ కూడా తల్లితో పాటే, లేదా తల్లి వచ్చిన 90 రోజుల్లోపు షరతుల కార్డు మీద వస్తే ఆ ఒక్క ఐ-751లోనే బిడ్డ పేరూ రాయొచ్చు. 90 రోజులు దాటాక షరతుల కార్డు మీద వస్తే బిడ్డకి విడిగా ఇంకోటి వెయ్యాలి. అంటే ఇంకో ఫీజు, ఇంకో ఫైలు, ఇంకో ఎదురుచూపు. ఇంత తెలిసినవాడెవడూ పాపని తర్వాత తెచ్చుకోమనడు.

మేం రెండు పిటిషన్లూ ఒకే రోజు వేశాం. నేషనల్ వీసా సెంటర్‌కి రెండు కేసు నంబర్లూ కలిపి రాసి, తల్లీకూతుళ్ళకి ఇంటర్వ్యూ కలిపి ఇమ్మని అడిగాం. ఇచ్చారు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో అంత పెద్ద అమెరికా కాన్సులేట్ ఉన్నా ఈ ఇంటర్వ్యూ అక్కడ జరగదు, ముంబై వెళ్ళాలి. తెనాలి నుంచి చిన్నపిల్లతో ముంబై ప్రయాణం, మెడికల్‌కి ఒక రోజు, వేలిముద్రలకి ఒక రోజు, హోటల్ ఖర్చు... తెలుగు రాష్ట్రాల నుంచి ఇంతమంది వెళ్తుంటే హైదరాబాద్‌లో ఇమ్మిగ్రెంట్ వీసాలు ఎందుకివ్వరని గట్టిగా అడిగే నాయకుడు నాకు ఒక్కడూ కనబడలేదు.

కాగితాల్లో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది విడాకుల డిక్రీ. మన ఊళ్ళల్లో పెద్దమనుషుల్లో కూర్చుని, వంద రూపాయల స్టాంపు పేపరు మీద సంతకాలు పెట్టుకుని "విడిపోయాం" అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ కాగితం నమ్ముకుని రెండో పెళ్ళి చేసుకుంటే మొత్తం కూలిపోయే ప్రమాదం ఉంది. మొదటి పెళ్ళి చట్టప్రకారం ముగియకపోతే రెండో పెళ్ళి చెల్లదు. పెళ్ళి చెల్లకపోతే ఆ పిల్లకీ నీకూ చట్టం దృష్టిలో సంబంధం లేదు. కోర్టు డిక్రీ ఉండాల్సిందే. ఇద్దరిదీ రెండో పెళ్ళైతే ఇద్దరి డిక్రీలూ.

పరస్పర అంగీకారంతో, అంటే హిందూ వివాహ చట్టం 13-బి కింద విడిపోతున్న ఆడపిల్లలకి చేతులెత్తి చెప్తున్నా. కేసు తొందరగా తేలిపోతే చాలని ఏది పడితే అది రాయించుకోకండి. బిడ్డ కస్టడీ ఎవరిదో, బిడ్డకి తల్లి ఒక్కతే పాస్‌పోర్టు తీయించొచ్చో లేదో, విదేశానికి తీసుకెళ్ళొచ్చో లేదో స్పష్టంగా రాయించుకోండి. అప్పుడు రెండు వాక్యాలతో పోయేదానికి తర్వాత మాజీ భర్త ఇంటి చుట్టూ తిరగాల్సొస్తుంది. మా ఆవిడ డిక్రీలో కస్టడీ తనదేనని ఉంది కానీ ప్రయాణం గురించి ముక్క లేదు. పాస్‌పోర్టుకి తండ్రి సంతకం లేనప్పుడు ఇచ్చే డిక్లరేషన్ అనెగ్జర్-సి ఉంది, దానితో ఆ పని అయింది. దేశం దాటించడానికి తండ్రి దగ్గర నోటరీ చేసిన అంగీకారపత్రం తీసుకోమని లాయరు చెప్పారు. మధ్యవర్తుల్ని పంపాం. ఆ సంతకం కోసం మా అత్తగారు ఎన్ని మాటలు పడ్డారో రాయను. ఇల్లు వదిలి వచ్చేసిన ఇన్నేళ్ళకి కూడా ఒక ఆడదాని దారి అతని పెన్ను మీద ఆగింది.

తర్వాత పేర్లు. మన ఇంటిపేర్ల పద్ధతికీ అమెరికా ఫారాలకీ చుక్కెదురు. మా ఆవిడ పదో తరగతి మెమోలో పేరుకి ముందు పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరం ఒక్కటే. పాస్‌పోర్టులో మొదటి భర్త ఇంటిపేరు. పాప జనన పత్రంలో తల్లి పేరుకి ఇంటిపేరే లేదు. అదే పత్రంలో పాప పేరు రాయాల్సిన గడి ఖాళీ! పుట్టగానే ఆస్పత్రి నుంచి వివరాలు వెళ్ళిపోయాయి, నామకరణం తర్వాత పేరు ఎక్కించాలని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఇలాంటి పత్రాలు మన దగ్గర ఇంటింటికీ ఉన్నాయి. మునిసిపల్ ఆఫీసులో పేరు చేర్పించుకోవచ్చు, కానీ వీసా తేదీ నెత్తిమీదికొచ్చాక చేసే పని కాదది. ఈ వారమే బీరువాలోంచి తీసి చూసుకోండి. పాప టీకాల కార్డు కూడా వెతికి పెట్టుకోండి, మెడికల్‌కి కావాలి. పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పదహారు నిండినవాళ్ళకే.

ఇక పెళ్ళి నిజమైనదేనని రుజువు చెయ్యడం. ఇది రాస్తుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. తెలుగువాళ్ళ పెళ్ళంటే వెయ్యి మంది, మూడు రోజులు, నాలుగు ఆల్బమ్‌లు అని ఆఫీసర్లకి తెలుసు. అదే రెండో పెళ్ళైతే మనం ఏం చేస్తాం? గుళ్ళో పదిమందితో దండలు మార్పిస్తాం. "హడావుడి ఎందుకు, నలుగురూ ఏమనుకుంటారు" అని ఫొటోగ్రాఫర్ని కూడా పిలవనివ్వం. పెదనాన్న రాడు, మేనత్త రాదు. ఫొటోల్లో సగం కుటుంబం కనిపించదు. రేపు ఆఫీసరు ఆ నాలుగు ఫొటోలు చూసి, "మీ వాళ్ళెవరూ రాలేదే?" అని అడిగితే ఆ పెళ్ళికూతురు ఏం చెప్పాలి? సిగ్గుపడి ఇంట్లో కూర్చున్న ప్రతి చుట్టమూ ఆ ఫైలుని బలహీనం చేసినవాడే. రెండో పెళ్ళి చేసే తల్లిదండ్రులారా, బంధువుల్ని పిలవండి, భోజనాలు పెట్టండి, పాపకి పట్టులంగా కుట్టించి మధ్యలో నిలబెట్టి ఫొటోలు తీయించండి. పెళ్ళి వెంటనే రిజిస్టర్ చేయించండి. తర్వాత కూడా వాట్సాప్ కాల్స్, పంపిన డబ్బు, స్కూలు ఫీజు రసీదులు, కలిసి చేసిన ప్రయాణాలు అన్నీ దాచుకోండి. పాపతో ఉన్నవి కూడా.

"విజిటర్ వీసా మీద తెచ్చేసి ఇక్కడే గ్రీన్ కార్డుకి అప్లై చెయ్" అనే ఉచిత సలహా కూడా వినకండి. ఉండిపోవాలనే ఉద్దేశం మనసులో పెట్టుకుని చూడ్డానికి వస్తున్నానని కాన్సులేట్‌లో చెప్పడం అబద్ధం ఆడటమే. దొరికితే జీవితాంతం వెంటాడుతుంది.

మగవాళ్ళకి కూడా ఒక మాట. ఐ-864 మీద సంతకం అంటే ఉత్తుత్తిది కాదు. కుటుంబం ఎంతమందో లెక్కగట్టి పేదరిక ప్రమాణానికి 125 శాతం ఆదాయం చూపించాలి. ముగ్గురికి 2025లో అది సుమారు 33,300 డాలర్లు. ఆ హామీ విడాకులతో కూడా పోదు. వాళ్ళు సిటిజన్లు అయ్యేదాకా, లేదా 40 క్వార్టర్ల (సుమారు పదేళ్ళ) పని లెక్కలోకి వచ్చేదాకా, లేదా అమెరికాలో నివాసం వదిలి వెళ్ళిపోయేదాకా నీ మీద ఉంటుంది. భార్యకి ఎంత బాధ్యత రాశావో బిడ్డకీ అంతే రాశావు. అది నచ్చనివాడు పిల్ల ఉన్న ఆవిడని చేసుకోవద్దు.

అంతా అయ్యి ఇక్కడికొచ్చాక కూడా ఒకటుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. సిటిజన్ సొంత బిడ్డ గానీ, చట్టం అడిగే షరతులన్నీ తీరిన దత్తపుత్రిక గానీ 18 ఏళ్ళలోపు గ్రీన్ కార్డుతో ఇక్కడ తల్లిదండ్రుల దగ్గర ఉంటే దానంతటదే సిటిజన్ అవుతుంది. 2001 ఫిబ్రవరి 27 నుంచి ఉన్న చట్టం. భార్య మొదటి పెళ్ళి బిడ్డకి మాత్రం నా వల్ల ఆ హక్కు రాదు. వీసాకి నా బిడ్డే, పౌరసత్వానికి కాదు! మరి దారి? తల్లి. సిటిజన్ భర్తతో కలిసి ఉంటున్న భార్య గ్రీన్ కార్డు వచ్చిన మూడేళ్ళకి సిటిజన్ కావచ్చు. ఆమె సిటిజన్ అయ్యి, బిడ్డకి 18 నిండేలోపు గ్రీన్ కార్డుతో ఇక్కడ ఆమె కస్టడీలో, ఆమెతోనే ఉంటే తల్లి ద్వారా బిడ్డా సిటిజన్ అవుతుంది. లెక్క వేసుకోండి. పదేళ్ళ పాపకి ఇబ్బంది లేదు. పద్నాలుగేళ్ళ పాపని "తర్వాత తెచ్చుకుందాం" అని రెండేళ్ళు అమ్మమ్మ దగ్గర ఉంచితే, తల్లి పౌరసత్వ ప్రమాణం చేసే రోజుకి పాప 18 దాటిపోవచ్చు, లేదా ఇండియాలోనే ఉండి ఇక్కడికి వచ్చేలోపు 18 నిండిపోవచ్చు. అప్పుడు తన ఐదేళ్ళు తను విడిగా లెక్కపెట్టుకోవాలి.

రెండేళ్ళకోసారి మన తెలుగు సంఘాల మహాసభలు జరుగుతాయి. పెళ్ళి సంబంధాల వేదిక ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ లాయర్లతో హెచ్-1బీ గురించి, ఈబీ (ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డు) క్యూల గురించి సదస్సు ఉంటుంది. రెండో పెళ్ళి కుటుంబాల గురించి గంట సేపు మాట్లాడిన సదస్సు నేను చూడలేదు. అలాంటివాళ్ళు హాల్లో లేరా? ఉన్నారు, వెనక వరసల్లో కూర్చుని బయటికొచ్చాక ఒక్కొక్కరూ విడిగా ఫోన్ చేసి అడుగుతున్నారు. నిర్వాహకులు ఎవరైనా ఇది చదువుతుంటే ఈసారి ఒక గంట ఇవ్వండి. ఇమ్మిగ్రేషన్ లాయరుతో పాటు మన కుటుంబ న్యాయస్థానాల్లో వాదించే లాయర్ని కూడా పిలవండి, ఎందుకంటే సగం చిక్కులు అక్కడే మొదలవుతున్నాయి. నేనూ మా ఆవిడా మా రెండు ఫైళ్ళూ పట్టుకుని వస్తాం. అడిగినవాళ్ళకి పేజీ పేజీ చూపిస్తాం.